రెండు పుట్టిన తేదీలు

మా నాన్నగారికి పుట్టిన తేదీలు రెండు ఉండేవి. ఒకటి మా మామ్మ చెప్పేది: శుక్ల నామ సంవత్సరం, శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన మూడోనాడు. రెండోది ఊరి బడి రిజిస్టరులో పంతులుగారు రాసినది: 1-7-1927. శుక్ల అంటే 1929. ఇంట్లో పెదనాన్నగారి పక్కన కూర్చుని అప్పటికే అక్షరాలూ ఎక్కాలూ వచ్చేసిన పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో ఉంచడం ఎందుకని, నేరుగా రెండో తరగతిలో వేసుకోవడానికి వీలుగా పంతులుగారు రెండేళ్ళు కలిపి రాశారు. అది ప్రేమతో చేసిన పనే. మా కోనసీమలో ఆ తరంవారిలో ఎంతమందికి జూలై 1న పుట్టినరోజు ఉంటుందో, తరవాతి కాలంలో ట్రెజరీ ఉద్యోగిగా పింఛను కాగితాలు చూసిన నాకు బాగా తెలుసు. ఆ రెండేళ్ళ సంగతి 1983 దాకా మా ఇంట్లో సరదాగా చెప్పుకునే కబురు. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి దాని గురించి ఎవరూ నవ్వుతూ మాట్లాడలేదు.

నాన్నగారు నీటిపారుదల శాఖలో, గోదావరి మధ్య డెల్టాలో పనిచేసేవారు. కాకినాడ పాలిటెక్నిక్‌లో చదువుకుని 1951లో చేరారు. హోదా పేరు కాలక్రమంలో రెండు మూడుసార్లు మారింది కానీ, కాలువ గట్టు మీద ఎదురైన రైతులకు ఆయన చివరిదాకా ‘ఓవర్సీరుగారు’. లొల్ల లాకుల దగ్గర నీళ్ళు ఏ గేజి మీద ఉంటే శివారు ఊళ్ళకు ఎన్ని రోజులకు చేరతాయో ఆయన నోటిలెక్కగా చెప్పేవారు. దాళ్వా (రెండో పంట) రోజుల్లో వంతుల నీటి కోసం రాత్రిపూట చేల గట్ల మీద తగవులు జరిగితే, కాలువ కాపలా చూసే లస్కరు సైకిలు మీద వచ్చి పిలవడం, ఆయన టార్చిలైటు పట్టుకుని వెళ్ళడం నా చిన్నతనంలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. శాసనసభలో, పార్లమెంటులో జరిగిన చర్చలను పత్రికలో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. ఎవరు గెలిచారు, ఎవరు సభనుంచి వెళ్ళిపోయారు అన్న విషయం ఆయనకు పట్టేది కాదు; ఏ వాదనకు ఏ జవాబు చెప్పారన్నదే కావాలి. ‘అక్కడ ఒక అంకె మారిందంటే ఇక్కడ ఒక మనిషి రోజు మారుతుంది’ అనేవారు. కాలువలో పనిచేసిన మనిషి కాబట్టి, తలుపు ఎక్కడో ఎత్తితే తడి ఎక్కడో తేలుతుందన్న సంగతి ఆయనకు కంటి ముందరి విషయం.

ఆ అలవాటు 1971లో బలపడిందని నా ఊహ. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ ఏడాది మార్చి 31న తూర్పు బెంగాలు (ఇప్పటి బంగ్లాదేశ్) ప్రజలకు సానుభూతీ సంఘీభావమూ తెలుపుతూ ప్రధానమంత్రి ఇందిరా గాంధీ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది. నాన్నగారు దాన్ని అరుగు మీద కూర్చుని పైకి చదివి వినిపించారు. తరవాతి నెలల్లో సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల సంఖ్య దాదాపు కోటికి చేరింది. నవంబరు 15 నుంచి కార్డులకు, పత్రికలకు తప్ప మిగిలిన ఉత్తరాలన్నిటికీ అయిదు పైసల శరణార్థుల సహాయ తపాలా బిళ్ళ అదనంగా అంటించాలన్నారు. అది 1973 మార్చి నెలాఖరు దాకా సాగింది. మా పోస్టాఫీసులో మొదట వచ్చినవి కుటుంబ నియంత్రణ ప్రచారపు తపాలా బిళ్ళలు, వాటి మీదే అడ్డంగా కొత్త అక్షరాలు అచ్చువేశారు. అయిదు పైసలు చిన్న మొత్తం కాదు, ఆ రోజుల్లో పిల్లలకు అది బోలెడు చిరుతిండి.

‘ఎవరి కోసంరా అబ్బాయ్, ఈ అయిదు పైసలూ?’ అని మామ్మ అడిగింది. నాన్నగారు చెప్పారు. ఆమె కాసేపు మాట్లాడకుండా ఊరుకుంది. తరవాత, ‘మా తమ్ముడికి అడవిలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు గంజి పోశార్రా, లేకపోతే ఇల్లు చేరేవాడు కాడు. అంటించు,’ అంది. మామ్మ తమ్ముడు రంగూనులో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. మా గోదావరి జిల్లాలవారు కాకినాడ, కోరంగి రేవుల నుంచి ఓడలెక్కి తరతరాలుగా బర్మా వెళ్ళినవారే. కోరంగి రేవు పేరు మీదనే అక్కడ తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. 1942లో జపానువారు వచ్చిపడినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో పోయినవారు పోగా. ఆ నడిచి వచ్చినవారిలో మా చినతాతయ్య ఒకడు. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసినప్పుడు మిగిలినవారూ ఓడల్లో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఈనాటికీ ఉంది. పరాయి దేశంలో మనుషులు ఇబ్బంది పడుతున్నారన్న మాట పార్లమెంటులో వినబడితే, మా ఇంట్లో అది పరాయి మాటగా ఎన్నడూ లేదు.

1983 సంగతికి వస్తాను. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. నాన్నగారు శివారు చేలకు వంతుల నీరు చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, రేడియో ముందు కూర్చున్నారు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారనీ, ఇప్పటికే 55 నిండినవారందరూ ఫిబ్రవరి 28 సాయంత్రంతో దిగిపోవాలనీ వార్త. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. ‘మీకెంతండీ?’ అని అడిగింది. నాన్నగారు వెంటనే జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన భార్య అడిగిన ప్రశ్నకు ఏ లెక్క చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు నాకు అనిపించింది. ‘పుస్తకంలో యాభై అయిదు దాటి ఏడు నెలలు,’ అన్నారు చివరికి. మామ్మ శుక్ల లెక్కలో ఆయనకు యాభై మూడున్నర.

సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన తేదీని ఉద్యోగం చివరలో మార్చడం దాదాపు అసాధ్యం. ఆయన ప్రయత్నించలేదు కూడా. మామ్మ అప్పటికి లేదు. ఉన్నా, శ్రావణ మాసమూ వరలక్ష్మీ వ్రతమూ సాక్ష్యంగా చెల్లవు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, చెప్పకపోతే ఈ జ్ఞాపకం సగమే అవుతుంది. నేనప్పటికి అమలాపురంలో బి.కాం. పూర్తిచేసి, కాకినాడలోని ఉపాధి కల్పన కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, పిలుపు కోసం ఎదురుచూస్తున్న నిరుద్యోగిని. వయసు తగ్గించడానికి ప్రభుత్వం చెప్పిన ప్రధానమైన కారణం నాలాంటివారే. పెద్దవారు కుర్చీలు ఖాళీ చేస్తే యువకులకు అవకాశం వస్తుందన్నారు. చదువుకుని ఖాళీగా తిరుగుతున్నవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నమాట నిజం. మనిషి ఆయుర్దాయం పెరిగిందని 55ను 58 చేసి, తిరిగి 55కు దింపడంలో న్యాయం ఏమిటని అవతలివారు అడిగారు. మూడేళ్ళ ముందు చెప్పి ఉంటే పిల్లల పెళ్ళిళ్ళూ అప్పులూ ఒక దారికి తెచ్చుకునేవారు కదా, మూడు వారాల గడువేమిటన్నారు. అదీ నిజమే.

నాన్నగారు ఈ రెండు వైపుల వాదనలూ నా చేత చదివించారు. చదివిన తరవాత, ‘ఏది సబబంటావు?’ అని అడిగారు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నాకు ఉద్యోగం కావాలి, ఆయన ఉద్యోగం పోకూడదు. నోట మాట రాలేదు. ఆయనే, ‘నీ వయసువాడికి పని లేకపోవడం తప్పు. దానికి నా వయసువాణ్ణి ఉన్నపళంగా లేపడం ఇంకొక తప్పు. సభలో ఎవరైనా ఈ రెండు మాటలూ ఒకే నోటితో అంటారేమోనని చూస్తున్నాను,’ అన్నారు. నలభై ఏళ్ళు దాటింది. పదవీ విరమణ వయసు మీద ఎక్కడ చర్చ జరిగినా నేనూ అదే వెతుకుతాను.

ఫిబ్రవరి 28 సోమవారం. ఆఫీసులో ఆ ఒక్క సాయంత్రమే కొందరు ఒకేసారి దిగిపోయారు కనుక, ఎవరికీ విడిగా సన్మానం జరగలేదు. దండలు కూడా అందరికీ కలిపి రావులపాలెం నుంచి తెప్పించారు. నాన్నగారు గేజి రిజిస్టరు, తాళాలు అప్పగించి, సంతకం చేసి, సైకిలు తొక్కుకుంటూ గట్టు దారిన ఇంటికి వచ్చారు. మా చెల్లెలి పెళ్ళి ఆ వేసవిలో అనుకున్నాము. గ్రాట్యుటీ వచ్చేదాకా ఆగి, మార్గశిరంలో చేశాము.

మరుసటి ఏడాది ఆగస్టులో మళ్ళీ 58 చేశారు. కానీ 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ మధ్య పంపించివేసినవారికి మాత్రం అది వర్తించదన్నారు. అంటే ఆ ఏడాదిన్నర కాలంలో 55 దాటడమే వారు చేసిన నేరం. తగ్గింపు చెల్లుతుందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వయసు నిర్ణయించడం ప్రభుత్వ విధానానికి సంబంధించిన విషయమంది. అదే ఏడాది ఇంకొక తీర్పులో, పెంచినప్పుడు మాత్రం ఈ మధ్యవారిని వదిలివేయడం సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. ఆ రెండో తీర్పు రాసినది మన రాయలసీమ బిడ్డ, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అప్పటికి ఇంకా 58 నిండనివారు తిరిగి కుర్చీలో కూర్చున్నారు. నాన్నగారికి రిజిస్టరు ప్రకారం ఆ జూన్ నెలాఖరుకే 58 నిండిపోయాయి. మామ్మ లెక్కలో ఇంకా రెండేళ్ళు సర్వీసు ఉంది. ఆయన తీర్పు వార్త కత్తిరించి, అంతకుముందే దాచుకున్న ఇంకొక వార్త పక్కన అంటించారు. అది 1982 డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు: పింఛను యజమాని దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని స్పష్టంగా చెప్పిన తీర్పు. ఆ రోజునే పింఛనుదారులు ఏటా పండుగలా జరుపుకుంటారు. ‘నాకు కుర్చీ రాలేదు కానీ మాట వచ్చిందిరా,’ అన్నారు నాన్నగారు. అన్నప్పుడు ఆయన ముఖంలో నిజమైన తృప్తి ఉంది.

కుర్చీ లేకపోయినా పని ఆగలేదన్న సంగతి 1986 ఆగస్టులో తెలిసింది. గోదావరికి ఆ శతాబ్దంలోనే పెద్ద వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటింది. ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. లంకలన్నీ మునిగాయి. ఆ రాత్రి నాన్నగారు ఎవరూ పిలవకుండానే టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి వెళ్ళారు. గట్టు ఎక్కడ పల్చబడిందో, ఏ తూము దగ్గర నీరు ఊరుతుందో ఆయనకు అరచేతి గీతల్లా తెలుసు. ఊరివాళ్ళు ఇసుక బస్తాలు, కొబ్బరి మట్టలు, గడ్డి మోపులు మోస్తూంటే, ఎక్కడ వేయాలో చూపిస్తూ తెల్లవార్లూ నిలబడ్డారు. కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు ఆయన చెప్పినట్టే చేశాడు. మా ఊరి గట్టు నిలిచింది. ఉదయం ఆ కుర్రవాడు మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, ‘మీరు ఇంకా సర్వీసులో ఉండాల్సిందండీ,’ అన్నాడు. ‘నేను లేచాకనే కదా బాబూ మీరు వచ్చారు, మీరూ ఉండాల్సినవారే,’ అన్నారు నాన్నగారు. నేను కూడా ఆ ఏడాదే ట్రెజరీలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను.

ఇక 1990. ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి నా కలం కొంచెం నెమ్మదిస్తుంది.

అప్పటికే మా పల్లెల నుంచి ఆడవాళ్ళు ఇంటి పనికి కువైట్, మస్కట్, దుబాయి వెళ్ళడం మొదలైంది. ఖద్దామా వీసా అనేవారు. మా చేలో ఊడ్పులకు వచ్చే ఒకామె కూతురు 1988లో బొంబాయి ఏజెంటు ద్వారా కువైట్ వెళ్ళింది. చిన్నప్పుడు మా దొడ్లో నా చెల్లెలితో ఆడుకున్న పిల్ల. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. ఉత్తరాలు ఆగిపోయాయి. తల్లి ప్రతి సాయంత్రం చేలోంచి వస్తూ మా అరుగు దగ్గర ఆగి, ‘బాబుగారండీ, పేపర్లో ఏవైనా రాశారాండీ?’ అని అడిగేది.

నాన్నగారు పేపరంతా గాలించేవారు. ఆ వారమే, ఆగస్టు 7న, మండల్ కమిషన్ సిఫారసుల అమలును ప్రధాని వి.పి. సింగ్ పార్లమెంటులో ప్రకటించారు. పత్రికలన్నీ దానితోనే నిండిపోయాయి. కువైట్‌లో చిక్కుకున్న మనవాళ్ళ గురించి సభ్యులు అడిగిన ప్రశ్నలు, విదేశాంగమంత్రి ఐ.కె. గుజ్రాల్ ఇచ్చిన జవాబులు లోపలి పేజీల్లో నాలుగైదు వరుసల్లో ఉండేవి. నాన్నగారు ఆ వరుసలకు ఎర్ర సిరాతో గీత గీసి ఉంచి, ఆమె రాగానే చదివేవారు. ఆమెకు మంత్రి పేరు అక్కర్లేదు, ఇరాకు ఎక్కడుందో తెలియదు. కానీ ఢిల్లీలో ఎవరో తన కూతురిలాంటివారి గురించి లేచి నిలబడి అడిగారన్న మాట వినగానే ఆ ముఖం కాస్త తేటపడేది. ‘మళ్ళీ చదవండి బాబుగారూ,’ అనేది. నాన్నగారు మళ్ళీ చదివేవారు.

కువైట్ నుంచి ఇరాకు మీదుగా జోర్డాన్ సరిహద్దు దాకా బస్సుల్లో, అక్కడ ఎడారి గుడారాల్లో రోజుల తరబడి, ఆపైన అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి: ఆ దారిన రెండు నెలల్లో దాదాపు 1,70,000 మందిని మన ప్రభుత్వం తీసుకువచ్చింది. ఇంతమందిని పౌర విమానాల్లో తరలించడం ప్రపంచంలో అంతకుముందు జరగలేదు. ఆ పిల్ల దసరా వెళ్ళిన తరవాత ఒక తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు దిగి, బస్సులో వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఎనిమిది నెలల జీతం అక్కడే ఉండిపోయింది. ఎడారిలో తాగునీటి కోసం వరుసలో నిలబడినప్పుడు పాలస్తీనా ముసలమ్మ ఒకామె తన గిన్నెలోంచి సగం పోసిందని చెప్పింది. ఆ మాట వినగానే నాకు మామ్మ జ్ఞాపకం వచ్చింది. నాన్నగారు లోపలికి వెళ్ళి కళ్ళజోడు తుడుచుకుని వచ్చారు.

యుద్ధం ముగిశాక 1991లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి జెనీవాలో ఒక పరిహార సంఘాన్ని పెట్టింది. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య కువైట్ లేదా ఇరాకు విడిచి రావలసివచ్చిన వారికి, ఇంకే కోరికా కోరబోమని రాసిస్తే 4,000 డాలర్లు, లేకుంటే 2,500. ఇరాకు చమురు అమ్మకాల సొమ్ములో వాటా తీసి ఇవ్వాలి. మన ప్రభుత్వం ఫారాలు పంచింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాతిక ముప్పై మంది మా అరుగు మీదికి వచ్చారు. పింఛను కాగితాలతో కుస్తీ పట్టిన మనిషి కనుక నాన్నగారికి ఫారం అంటే భయం లేదు. నెల రోజుల పాటు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా అదే పని. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగలేదు.

ఆ పిల్ల వంతు వచ్చిన రోజున నేను ఇంట్లోనే ఉన్నాను. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ 1-1-1960 అని ఉంది. నాన్నగారు ఆమె వంక ఒకసారి చూసి, ‘ఇదెవరు రాశారమ్మా?’ అన్నారు.

‘ఏజెంటండీ. చిన్నపిల్లంటే పంపరన్నాడండి.’

తల్లి పక్కనే ఉంది. ‘అరవై తొమ్మిది గాలివానకి ఇది కడుపులో ఉందండి బాబుగారూ. సంక్రాంతి వెళ్ళాక పుట్టింది, ఆయ్,’ అంది. అంటే 1970. పద్దెనిమిదేళ్ళ పిల్లను ఇరవై ఎనిమిదేళ్ళదాన్ని చేసి పంపారు.

నాన్నగారు చాలాసేపు పెన్ను మూత పెట్టి కూర్చున్నారు. పాస్‌పోర్టులో ఉన్నది కాక ఇంకొకటి రాస్తే ఫారం వెనక్కి వస్తుంది. ఆ పిల్ల జీతం, ఆ రెండు నెలల నరకం, అన్నీ నీటిమూటలవుతాయి. చివరికి 1-1-1960 అనే రాశారు. రాసి, ఒక తెల్లకాగితం తీసి, పంచాంగం చూసి, వారమూ తిథీ తల్లిని అడిగి సరిపోల్చుకుని, అసలు తేదీ పెద్ద అక్షరాలతో రాసి, కింద తన సంతకం పెట్టి ఇచ్చారు. ‘ఇది ఏ ఆఫీసులోనూ చెల్లదమ్మాయ్. అయినా పెట్టెలో పెట్టుకో. నీ వయసు నీకు తెలిసి ఉండాలి,’ అన్నారు.

పరిహారం సొమ్ము కొన్నేళ్ళకు వచ్చింది. తాటాకు ఇల్లు పోయి రెండు గదుల డాబా లేచింది. ఆ డాబా పూర్తి అయ్యేలోపే ఆమె మళ్ళీ మస్కట్ వెళ్ళింది, తరవాత మళ్ళీ కువైట్. గల్ఫ్‌లో పనిచేసే కూలీల కోసం కేంద్రం 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అని ఒక పింఛను పథకం పెట్టింది. చేరినవారు బహు తక్కువ, 2017లో ఎత్తివేశారు. మా మండలంలో దాని పేరు విన్నవారినే నేను చూడలేదు. ముప్పై ఏళ్ళు పరాయి ఇళ్ళలో అంట్లు తోమి, పిల్లల్ని పెంచి, ఇంటికి సొమ్ము పంపిన మనిషికి విరమణ వయసంటూ ఏ సభా నిర్ణయించలేదు. మోకాళ్ళు పోయినప్పుడు యజమానురాలు టికెట్టు కొని పంపింది, అంతే.

ఆధార్ కార్డులు వచ్చినప్పుడు ఆమె పెట్టెలోంచి ఆ తెల్లకాగితం తీసి, దానిలో ఉన్న తేదీయే చెప్పి రాయించుకుంది. చుట్టుపక్కలవారు తెలివితక్కువదన్నారు. పాస్‌పోర్టు తేదీ చెప్పుకుని ఉంటే 2020 నాటికే అరవై నిండి, వృద్ధాప్య పింఛను వచ్చేది. ఇప్పుడు అది నెలకు 4,000 రూపాయలు, ఒకటో తారీకున సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి చేతిలో పెడుతున్నాడు. 1995లో కేంద్రం ఈ పింఛను మొదలుపెట్టినప్పుడు అది 75 రూపాయలు. ‘ఓవర్సీరుగారు రాసిందే నా వయసండి,’ అంటుంది ఆమె. 2025 సంక్రాంతి తరవాత ఆమెకు 55 నిండాయి. ఇప్పటికీ రోజూ కొబ్బరి పీచు పనికి వెళుతుంది.

నేను ట్రెజరీలో 33 ఏళ్ళు చేశాను. ఎదుట కూర్చున్న మనిషి బతికే ఉన్నాడని ఏటా కాగితం మీద సంతకం చేయించుకోవడం మా పనుల్లో ఒకటి. మొదట్లో వింతగా అనిపించేది, తరవాత దానిలోనే ఒక ఆప్యాయత కనబడింది. ఆ వంకన ఏడాదికోసారి పెద్దవారందరినీ చూసేవాణ్ణి. 2014 జూన్ 2 నుంచి విరమణ వయసు 60 అయింది. మే 31న మా దగ్గరే దిగిపోయిన సహోద్యోగి ఒకరు రెండు రోజుల తేడాతో రెండేళ్ళు పోగొట్టుకున్నారు. ఆయనకు ధైర్యం చెప్పడానికి వెళ్ళి, నాన్నగారి కథ చెప్పి వచ్చాను. నాకు ఆ రెండేళ్ళు దక్కాయి, 2019లో దిగిపోయాను. 2022 జనవరి 1 నుంచి 62 చేశారు; ముందురోజు దిగిన వారిని తలుచుకుని ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. మా అబ్బాయి 2004 సెప్టెంబరు తరవాత చేరిన ఉపాధ్యాయుడు కనుక వాడిది కంట్రిబ్యూటరీ పింఛను, నెలనెలా జీతంలో పదో వంతు మార్కెట్టుకు వెళుతుంది. చివరికి ఎంత వస్తుందని వాడు అడిగితే, పింఛను లెక్కలే వృత్తిగా బతికిన నేను ఒక అంకె చెప్పలేకపోతున్నాను.

నాన్నగారు 2003 కార్తీకంలో పోయారు. పన్నెండో రోజు వెళ్ళాక పంచాయతీ కార్యదర్శి మరణ ధ్రువపత్రం రాయడానికి ఇంటికి వచ్చారు. అమ్మకు కుటుంబ పింఛను రావాలంటే ఆ పత్రం కావాలి.

‘వయసెంత రాయమంటారండీ?’ అని ఆయన అడిగారు.

‘డెబ్భై నాలుగు,’ అంది అమ్మ గదిలోంచి. అంతకుముందు ఎన్నడూ ఆమె మామ్మ లెక్క చెప్పగా నేను వినలేదు.

పింఛను పుస్తకం నా చేతిలోనే ఉంది. మొదటి పేజీలో అమ్మా నాన్నగారూ కలిసి దిగిన ఫోటో, పక్కన 1-7-1927. పత్రంలో వయసు పుస్తకంతో సరిపోకపోతే కాగితాలు ఎన్ని నెలలు తిరుగుతాయో నాకంటే తెలిసినవారు ఆ ఊళ్ళో లేరు. అమ్మ వంక చూశాను. ఆమె చూపు గోడకున్న క్యాలెండరు మీద ఉంది.

‘డెబ్భై ఆరు రాయండి,’ అన్నాను.